పాటకు సభలోకి ఎన్ని దర్వాజలు?

1989 శాసనసభ ఎన్నికల లెక్కింపు నాడు పాలమూరు జిల్లా కల్వకుర్తి పేరు ఢిల్లీ దాకా మోగింది. ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ఆ యేడు హిందూపురం, కల్వకుర్తి రెండుచోట్లా నిలబడ్డారు. హిందూపురం గెలిపించింది. కల్వకుర్తి మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్‌కు ఓటేసి, తెరమీద రాముడూ కృష్ణుడూ తానే అయిన మనిషిని ఓడించింది. అంతకు నాలుగేళ్ల ముందే పొరుగున ఉన్న నల్లగొండ అదే ఎన్టీఆర్‌ను గెలిపించింది. 1985లో ఆయన గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడింట్లోనూ నెగ్గి, హిందూపురం ఉంచుకుని మిగతా రెండూ వదిలేశారు. గెలిపించిన పక్కూరిని అలా వదిలేసిన సంగతి కల్వకుర్తి ఓటరుకు గుర్తు లేకుండా ఉంటుందా అని నాకు అనుమానమే.

రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీచిన యేడాది కాబట్టి అలా జరిగిందని కొట్టిపారేయొచ్చు. కానీ ఈ నియోజకవర్గం చరిత్ర చూస్తే గాలికి కొట్టుకుపోయే రకం కాదు. 1983లో తెలుగుదేశం ప్రభంజనంలో రాష్ట్రమే ఊగిపోతుంటే ఇక్కడ జనతా పార్టీ తరఫున మాడ్గుల జైపాల్ రెడ్డి గెలిచారు. 1994లో ఎన్టీఆర్ మళ్లీ ఊడ్చేసినప్పుడు ఇక్కడి నుంచి స్వతంత్ర అభ్యర్థి ఎడ్మ కిష్టారెడ్డి సభకు పోయారు. 2014లో తెలంగాణ తెచ్చిన పార్టీకి రాష్ట్రం పట్టం కడితే, కల్వకుర్తి 78 ఓట్ల తేడాతో కాంగ్రెస్ అభ్యర్థి వంశీచంద్ రెడ్డిని పంపింది. ఆట చూసి చప్పట్లు కొట్టడం ఒక పని, ఓటేయడం ఇంకో పని అని ఈ నేలకు బాగా తెలుసు.

ఇప్పుడు ఈ పాత లెక్కలు ఎందుకంటే, కళాకారుడికి ఓటు పడుతుందా అన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఆఫ్రికాలో ఇరవై యేళ్లుగా ఒక కొత్త తరహా నాయకుడు కనిపిస్తున్నాడు. వాళ్లు ర్యాప్ పాడేవాళ్లు. మురికివాడల మీద, పోలీసుల మీద, పన్నుల మీద పాట కట్టి, ఆ పాటతోనే ఓటడిగినవాళ్లు. టాంజానియాలో జోసెఫ్ ఎంబిలిన్యి అనే ఆయన సుగు పేరుతో స్వాహిలీ ర్యాప్‌కు దారి వేసినవాళ్లలో ఒకరు. 2010లో ప్రతిపక్ష చదేమా పార్టీ తరఫున ఎంబెయా పట్టణం నుంచి పార్లమెంటుకు గెలిచారు. 2015లో మళ్లీ గెలిచారు. అదే యేడు ప్రొఫెసర్ జే అనే ఇంకో ర్యాపర్ మికుమి నుంచి నెగ్గారు. అధ్యక్షుడు మగుఫులిని బహిరంగ సభలో అవమానించారన్న కేసులో 2018లో సుగుకు అయిదు నెలల జైలుశిక్ష పడింది. 2020లో ఆయన్ని ఓడించిన తూలియా ఆక్సన్ రెండేళ్లకే ఆ దేశ పార్లమెంటు స్పీకర్ అయ్యారు.

అందరికీ ఎక్కువగా తెలిసిన పేరు ఉగాండా బాబీ వైన్‌ది. అసలు పేరు రాబర్ట్ క్యాగులాన్యి సెంటము. రాజధాని కంపాలాలో కమ్వోచా అనే మురికివాడలో పెరిగి, మకెరెరె విశ్వవిద్యాలయంలో సంగీత నాటకాలు చదువుకున్నారు. 2017 జూన్‌లో క్యాడొండో ఈస్ట్ ఉప ఎన్నికలో ఏ పార్టీ అండా లేకుండా స్వతంత్రుడిగా నిలబడి అధికార పక్షాన్ని చిత్తు చేశారు. ఆ డిసెంబర్‌లోనే అధ్యక్షుడు మ్యుసెవెని ప్రభుత్వం ఆ పదవికి ఉన్న 75 యేళ్ల వయసు పరిమితిని రాజ్యాంగంలోంచి ఎత్తేసింది. సభలోకి అడుగుపెట్టిన ఆర్నెల్లకే పాటగాడికి దేశమంత పెద్ద పోరాటం చేతికి వచ్చింది. 2018 ఆగస్టులో అరువా పట్నంలో ఆయన డ్రైవర్‌ను కాల్చి చంపారు. ఆయన్ని పట్టుకుపోయి దేశద్రోహం కేసు పెట్టారు. 2021 జనవరి అధ్యక్ష ఎన్నికల్లో అధికారిక లెక్కల ప్రకారం మ్యుసెవెనికి 58 శాతం, ఆయనకు 35 శాతం వచ్చాయి. పోలింగ్ అయిన వెంటనే సైనికులు ఆయన ఇంటిని చుట్టుముట్టారు.

గొంతే పార్టీగా మారిన దారి ఇది. మరి పాటకు పుట్టిల్లని చెప్పుకునే దక్షిణ తెలంగాణలో అలాంటి మనిషి ఎవరు?

తొలి జవాబు కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. ఆయన పాడింది తెలుగులో కాదు. మఖ్దూం మొహియుద్దీన్ మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టిన ఉర్దూ కవి. హైదరాబాద్ సిటీ కాలేజీలో పాఠాలు చెబుతూ ఆ ఉద్యోగం వదిలి, మిల్లు కార్మికుల సంఘాల్లోకి, కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చారు. 1944లో తొలి సంపుటి ‘సుర్ఖ్ సవేరా’ తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాట కాలమంతా అజ్ఞాతంలోనో జైల్లోనో ఉన్నారు. బయటికి వచ్చిన కొన్నాళ్లకే నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో ప్రజాతంత్ర కూటమి తరఫున గెలిచి హైదరాబాద్ శాసనసభలో కూర్చున్నారు. గజళ్లు రాసే మనిషికి తెలుగు రైతులు ఓటేశారు. ఆయన పద్యం అర్థమయ్యా? కాదులెండి. ఆ ఊళ్లలో భూమి పంచిన పార్టీ ఆయన్ని నిలబెట్టింది, అందుకు. 1952 సార్వత్రిక ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి నల్లగొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు తెచ్చిపెట్టిన అదే ఊపు ఇది.

ఆ ఊపుకు పాట కట్టినవాళ్లు వేరే ఉన్నారు. సుద్దాల హనుమంతు బుర్రకథ, గొల్లసుద్దులు, యక్షగానం అన్నింటినీ పోరాటానికి మలిచారు. దొరగారి గడీ ముందు వెట్టి చేసే మనిషికి తన గోసను దరువు మీద చెప్పుకోవడం ఆయన నేర్పారు. బండి యాదగిరి పాట గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతుతో రాష్ట్రమంతా తిరిగింది. వీళ్లెవరూ చట్టసభ మెట్లెక్కలేదు. పాట కట్టినవాడు ఊళ్లో ఉండిపోయాడు, ఓటు పార్టీతో పోయింది. హనుమంతు కొడుకు అశోక్ తేజ సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చుకోవడం తర్వాతి ముచ్చట.

మఖ్దూం ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనమండలిలోకి వెళ్లారు. 1969లో చనిపోయారు, ‘బిసాత్-ఎ-రక్స్’ సంపుటికి సాహిత్య అకాడమీ అవార్డు కూడా ఆ యేడాదిదే. ఇప్పుడు హైదరాబాద్‌లో సీపీఐ ఆఫీసు పేరు మఖ్దూం భవన్. ఆయన కూర్చున్న ఆ మండలిని 1985లో ఎత్తేయించింది ఎవరనుకున్నారు? ఎన్టీఆరే. కవులూ కళాకారులూ ఓట్ల గోల లేకుండా సభలోకి వచ్చే ఒక్క దర్వాజనూ ఇంకో కళాకారుడే మూశారు. మండలి మళ్లీ బతికింది 2007లో. తెలంగాణ విడిపోయాక ఈ రాష్ట్ర మండలిలో 40 మంది సభ్యులు; వాళ్లలో ఆరుగురు గవర్నర్ నియమించేవాళ్లు. సాహిత్యం, శాస్త్రం, కళ, సహకార ఉద్యమం, సామాజిక సేవ, వీటిలో అనుభవం ఉన్నవాళ్లను వేయాలని రాజ్యాంగం 171వ అధికరణ చెబుతుంది. పేరుకు గవర్నర్, పేర్లు పంపేది మంత్రివర్గం.

పాలమూరు పాటగాడు లోపలికి పోయింది ఈ దర్వాజ నుంచే. నాగర్‌కర్నూల్ జిల్లా తెల్కపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న 2020 నవంబర్‌లో గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయ్యారు. ఆయన పెరిగింది యక్షగానం వినబడే ఇంట్లో. సహకార శాఖలో ఉద్యోగం చేశారు కాబట్టి, సరదాకి లెక్కేస్తే 171వ అధికరణ జాబితాలో ఆయనకు రెండు ఖానాలు పడతాయి. 2021లో ‘వల్లంకి తాళం’ పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ నేలతో సంబంధం ఉండి చట్టసభలో కూర్చుని, ఆ అవార్డూ అందుకున్న కవుల్లో మఖ్దూం తర్వాత నాకు గుర్తొచ్చే పేరు ఆయనదే.

వెంకన్న పాట ఏ మట్టిలోంచి వచ్చిందో చెప్పకుండా ఆయన రాజకీయం అర్థం కాదు. కృష్ణమ్మ పక్కనే పారుతున్నా కల్వకుర్తి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మెట్టభూములకు చుక్క అందేది కాదు. నది కింద, పొలం మీద. జొన్నకూ ఆముదానికీ వాన కావాలి, వాన రాకపోతే మేస్త్రీ రావాలి. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపులు గుంపులుగా లారీ ఎక్కించుకుపోయేవాడు. దేశంలో ఏ ఆనకట్ట మట్టిపని చూసినా పాలమూరు లేబర్ కనబడేది. ఎక్కడో వేరేవాళ్ల పొలాలకు నీళ్లు తెచ్చే కాలువ తవ్వి, పండుగకు ఇంటికొస్తే బాయిలో నీళ్లుండవు. ఈ తరం పిల్లలకు ఇది కథలా అనిపించొచ్చు, ఎందుకంటే శ్రీశైలం వెనుకజలాల దగ్గర ఎల్లూరు నుంచి జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మీదుగా మూడు మెట్లలో నీళ్లెత్తే కల్వకుర్తి ఎత్తిపోతల ఇప్పుడు పారుతోంది. ముసలివాళ్లను అడగండి, లారీ ఎక్కిన సంవత్సరాలు చెబుతారు.

వెంకన్న ఆ ఎండిపోయిన వాగు మీద పాట కట్టారు. సంత మీద కట్టారు, పట్నంలో గల్లీ బతుకు మీద కట్టారు. ‘కుబుసం’ సినిమాతో ఊరూరా పాకిన పల్లె కన్నీటి పాట ప్రపంచీకరణ మీద తెలుగులో వచ్చిన అన్ని వ్యాసాలకంటే ఎక్కువ మందికి చేరింది. కుమ్మరి, కమ్మరి, సాలె, వడ్రంగి పనులు కళ్లముందే పోతున్న కాలమది. ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు గణాంకాలు వెతుక్కుంటున్నప్పుడు పాట ముందే పోయి చేరింది. రాజకీయం అంటే అదే అనుకుంటే వెంకన్న ఎమ్మెల్సీ కాకముందు ఇరవై యేళ్ల నుంచీ రాజకీయ నాయకుడే.

ఇక్కడే బాబీ వైన్‌కూ ఆయనకూ ఉన్న తేడా పెద్దదవుతుంది. ఉగాండా పాటగాడు ప్రభుత్వానికి ఎదురు నిలబడి ఓట్లు అడిగి వచ్చారు. వెంకన్న పేరును ఉద్యమం నడిపి గద్దెనెక్కిన పార్టీ ప్రభుత్వమే పంపింది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కవిని సభలో కూర్చోబెట్టాలని రాజ్యాంగం రాసినవాళ్లు కోరుకున్నది ఇదే. అయితే ఓటర్లు పంపినవాడికి ఓటర్లతో లెక్క. ప్రభుత్వం పంపినవాడికి ఎవరితో లెక్క? ఈ చిక్కు వెంకన్న ఒక్కరిది కాదు. 2023 సెప్టెంబర్‌లో మంత్రివర్గం పంపిన రెండు పేర్లను అర్హత లేదంటూ గవర్నర్ తమిళిసై తిప్పి పంపారు. ప్రభుత్వం మారాక ఆ స్థానాల్లోకి వేరే ఇద్దరి పేర్లు వచ్చాయి. సాహిత్యం, కళ అన్న మాటలు రాజ్యాంగంలోనే ఉన్నా, వాటి కొలబద్ద ఎప్పుడూ అధికారంలో ఉన్నవాళ్ల చేతిలోనే ఉంటోంది.

ఓటు దారిలో నడిచిన పాటగాడూ లేకపోలేదు. తెలంగాణ ఉద్యమ ఆటపాటల సభ ధూంధాంతో పేరు తెచ్చుకున్న రసమయి బాలకిషన్ 2014లో, 2018లో మానకొండూరు నుంచి గెలిచి 2023లో ఓడారు. అది కరీంనగర్ జిల్లా. మన వైపు అమరచింత బిడ్డ సాయిచంద్‌కు దక్కింది రాష్ట్ర గిడ్డంగుల సంస్థ చైర్మన్ పదవి. ఉద్యమ సభల్లో వేలమందిని నిలబెట్టి ఏడిపించిన గొంతుకు గోదాముల లెక్కలు అప్పగించడం నాకెప్పుడూ వింతే. 2023 జూన్‌లో, నలభై యేళ్లు నిండకుండానే గుండెపోటుతో ఆయన పోయారు. తర్వాత ఆయన భార్యను అదే కుర్చీలో కూర్చోబెట్టారు.

గద్దర్ కథ వీటన్నిటికీ అడ్డంగా నిలబడుతుంది. ఎన్నికలను బహిష్కరించమని దశాబ్దాలు పాడి, 1997 ఏప్రిల్‌లో తూటాలు తగిలాక ఒక తూటాను ఒంట్లోనే మోసుకుంటూ బతికిన మనిషి 2018లో మొదటిసారి ఓటేశారు. 2023లో సొంత పార్టీ ప్రకటించారు. అంటే డెబ్బై దాటాక బాబీ వైన్ దారిలో అడుగు వేశారు. ఆ ఆగస్టు 6న కన్నుమూశారు. ఆయన గొంతుకు ఓటరు ఎన్ని మార్కులు వేసేవాడో తేలకుండానే పోయింది. నవంబర్‌లో కూతురు వెన్నెల కాంగ్రెస్ తరఫున సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో నిలబడి ఓడిపోయారు.

వెంకన్న సంగతికొస్తే, ఆయన్ని పంపిన ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో దిగిపోయింది. కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిది కల్వకుర్తి పక్కనే వంగూరు మండలం కొండారెడ్డిపల్లి. పాటగాడిదీ పాలకుడిదీ ఒకే జిల్లా, కూర్చున్నది ఎదురెదురు పక్షాల్లో. ఆరేళ్ల గడువులో సగం పాలకపక్షంలో, సగం ప్రతిపక్షంలో గడపడం కవికి నష్టమేమీ కాదు; రెండు వైపుల నుంచీ ఊరు ఎలా కనబడుతుందో చూడొచ్చు. మండలి చర్చల రికార్డు ఉంటుంది, పాటల పుస్తకాలు ఎలాగూ అచ్చులో ఉన్నాయి. వాగు గురించీ వలస గురించీ ఆయన ఈ రెండు చోట్లా ఏమన్నారో పక్కపక్కన పెట్టి చదివే పరిశోధక విద్యార్థి పాలమూరు విశ్వవిద్యాలయం నుంచి ఒక్కరు వస్తే బాగుండు. అది చేశాక హుజూర్‌నగర్ సభ్యుడిగా మఖ్దూం ఏం మాట్లాడారో కూడా వెతకాలి.