ఏనుగు పైసలు: అచ్చు భేదాల సేకరణ

మైసూరు పాలకులు హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ కాలంలో వెలువడిన ఏనుగు బొమ్మ రాగి నాణేలను ఏ అచ్చు ఏ నాణేన్ని కొట్టిందో, కొట్టేనాటికి ఆ అచ్చు ఎంత అరిగిందో, ఎక్కడ పగిలిందో చూసి వేరుచేసే సేకరణ పద్ధతి ఇది. మామూలు సేకర్త సంవత్సరానికొక నాణెం చాలనుకుంటాడు. అచ్చు భేదాలు వెతికేవాడికి ఒకే సంవత్సరం, ఒకే టంకశాల నాణేలు ఇరవై ఉన్నా ఇరవై కథలే. సోమందేపల్లె, పెనుకొండ, గుత్తి ప్రాంతానికి ఈ విషయంతో దగ్గరి చుట్టరికం ఉంది. టిప్పు టంకశాలల్లో ఒకటి గుత్తిలోనే పనిచేసింది.

ఈ సీమలో నాణేల చరిత్ర టిప్పు కంటే పాతది. 1565 నాటి రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర పాలకుడు తిరుమలరాయలు రాజధానిని సోమందేపల్లెకు ఉత్తరాన ఉన్న పెనుకొండకు మార్చాడు. సీతారాములు కూర్చుని, లక్ష్మణుడు పక్కన నిలుచున్న వరహా ఆయనదే. అయితే అచ్చుల చరిత్ర చదవాలంటే బంగారం కంటే రాగే మేలు. వరహాలు చేతులు మారి కరిగిపోయాయి. రాగి కాసు సంతలో అరిగిందే గాని కరిగింది తక్కువ. పైగా రాగిని విరివిగా ముద్రించారు. గట్టి లోహం కాబట్టి అచ్చులూ తొందరగా పాడయ్యేవి. అచ్చు పాడైన కొద్దీ కొత్తది చెక్కాలి. కొత్తది చెక్కినప్పుడల్లా ఒక కొత్త భేదం.

1776లో హైదర్ అలీ గుత్తి కోటను మరాఠా నాయకుడు మురారిరావు నుంచి గెలుచుకున్నాడు. టిప్పు కాలం నాణేల మీద గుత్తి పేరు ఫైజ్ హిసార్. తెలుగు నేల మీదిదిగా చెప్పే మరో టంకశాల జఫరాబాద్, అంటే గుర్రంకొండ. పటాన్ (శ్రీరంగపట్టణం), నగర్, బెంగళూరు వగైరా టంకశాలల్లోనూ ఇదే పద్ధతి నాణేలు పడ్డాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు పారశీక లిపిలో టంకశాల పేరు, చాలావాటి మీద నాణెం పేరు కూడా. టిప్పు తన నాణేలకు పేర్లు పెట్టిన తీరు ముచ్చటైనది. వెండికి మతపెద్దల పేర్లు, రాగికి ఎక్కువగా గ్రహతారల పేర్లు. పైసా జొహ్రా (శుక్రుడు), అరపైసా బహ్రాం (కుజుడు), పావు పైసా అఖ్తర్ (నక్షత్రం).

అప్పట్లో నాణెం చేత్తో కొట్టేవారు. కింది అచ్చును దిమ్మలో బిగించి, దాని మీద రాగి బిళ్ల పెట్టి, పై అచ్చును నిలబెట్టి సమ్మెటతో ఒక్క దెబ్బ. ప్రతి అచ్చునూ పనివాడు విడిగా చెక్కేవాడు కాబట్టి రెండు అచ్చులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఏనుగు కుడికి నడుస్తోందా ఎడమకా అన్నది రకం. తొండం ఎంత వంగింది, తోక కొస నాణెం అంచు చుట్టూ ఉన్న చుక్కల వలయంలో ఏ చుక్కకు ఎదురుగా వచ్చింది, అంకెల్లో ఏది పక్కకు ఒరిగింది అన్నవి అచ్చు భేదాలు. సమ్మెట దెబ్బ నేరుగా తినే పై అచ్చు ముందు చెడుతుంది. దాన్ని మార్చి కింది అచ్చుతోనే పని సాగించేవారు. అందుకే ఒకే కింది అచ్చు రెండు మూడు పై అచ్చులతో జతకట్టి కనిపిస్తుంది. ఇలాంటి జతలను వరసగా పేరిస్తే టంకశాలలో పని ఏ క్రమంలో నడిచిందో తెలుస్తుంది.

ఆ క్రమానికి సాక్ష్యం అచ్చు స్థితి. అచ్చులో పగులు వస్తే ఆ సందులోకి రాగి ఎక్కి నాణెం మీద ఉబ్బెత్తు గీత పడుతుంది. పగులు పెరిగితే గీత పొడవవుతుంది. ముక్క ఊడితే ఆ చోట ఆకారం లేని ముద్ద మిగులుతుంది. పగులు తనంతట తాను మానదు కాబట్టి పొట్టి గీత నాణెం ముందుదనీ పొడవు గీత నాణెం తర్వాతిదనీ ధైర్యంగా చెప్పవచ్చు. నాణెం మీద గుంటగా ఉన్న గీత మాత్రం అచ్చుది కాదు, తర్వాత పడ్డ గాటు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

తేదీల విషయంలో ఇంకో చిక్కు ఉంది. టిప్పు మొదట హిజ్రీ సంవత్సరాలు వాడి, తర్వాత మౌలూదీ అనే కొత్త లెక్క తెచ్చాడు. అంకెలను కుడి నుంచి ఎడమకు చెక్కించాడు. 1218 నాణెం మన అలవాటులో చదివితే 8121గా కనిపిస్తుంది. హిజ్రీ 1200 నాణేలకూ మౌలూదీ 1215 నాణేలకూ మధ్య పదిహేనేళ్లు గడిచాయనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఉన్న తేడా ఒకటి రెండేళ్లే.

వీటి శాస్త్రీయ అధ్యయనానికి రెండు పుస్తకాలు పునాది. జి.పి. టేలర్ రచన 1914లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతిగా పనిచేసిన జె.ఆర్. హెండర్సన్ పుస్తకం 1921లో మద్రాసులో అచ్చయింది. ఇద్దరూ టంకశాల, విలువ, సంవత్సరం, ఏనుగు దిక్కు ప్రకారం పట్టికలు కట్టారు. అది రకాల వర్గీకరణ. అంతకంటే లోతైన అచ్చుల లెక్కకు ఒకే రకం నాణేలు పెద్ద సంఖ్యలో పక్కపక్కన కావాలి. ఆ పని మ్యూజియంల కంటే ఓపికగల సేకర్తలకే వీలు. కొత్తగా చూసిన ప్రతి నాణెమూ కొత్త అచ్చుదే అయితే ఇంకా చూడని అచ్చులు బోలెడు. చూసినవే మళ్లీ మళ్లీ వస్తుంటే లెక్క కొసకు వచ్చినట్టు. టంకశాల దస్తరాలు దొరకని చోట ఎంత ముద్రించారో ఊహించడానికి ఇదొక దారి.

1799లో టిప్పు పతనం తర్వాత ఈ సీమ నిజాం చేతికి, 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి దత్త మండలమైంది. అప్పటికే కంపెనీ యంత్రపు నాణేలకు మారుతోంది. ఉత్తర సర్కారుల కోసం బర్మింగ్‌హామ్‌లోని మాథ్యూ బోల్టన్ సోహో టంకశాల 1794, 1797 తేదీలతో రూపాయిలో 48వ వంతు రాగి నాణేలను ఆవిరి యంత్రం మీద కొట్టి పంపింది. 1808 తేదీ గల మద్రాసు పది, ఇరవై కాసుల నాణేలతో బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలోని గుడ్విన్ ఇసుక తిన్నెల మీద మునిగింది. 1980లలో పైకి తీసిన ఆ సరుకు వల్ల, చెలామణీలోకే రాని నాణేలు లక్షల్లో సేకర్తలకు చేరాయి.

యంత్రం వచ్చాక ఒక మాతృక నుంచి అన్ని అచ్చులూ పుడతాయి కాబట్టి బొమ్మల్లో తేడాలు పోయాయి. మిగిలినవి విడిగా కొట్టిన అంకెలు, అక్షరాల్లోని తేడాలే. కెనడా 1858, 1859 సెంట్లను ప్రపంచమంతా భూతద్దం పెట్టి చూడటానికి కారణం ఇదే. అవి లండన్‌లో పడ్డవే. కెనడాకు సొంత టంకశాల 1908లో గాని రాలేదు. 1858 అచ్చుల్లో చివరి 8 మీద 9 కొట్టి వాడుకున్నారు. సన్న 9, వెడల్పు 9 అంటూ భేదాలు అలా పుట్టాయి. అమెరికా పాత సెంట్ల అచ్చులకు 1949లో విలియం షెల్డన్ సంఖ్యలిచ్చాడు. మన దగ్గర 1862 తేదీతోనే ఏళ్ల తరబడి కొట్టిన విక్టోరియా రూపాయి మీది చుక్కల తేడాలకు అంతే మోజు. హైదరాబాదు రూపాయిలో చార్మినార్ ద్వారం మధ్య నిజాం పేరులోని తొలి అక్షరం ఉంటుంది. ఉస్మాన్ అలీఖాన్ తొలి ఏళ్ల నాణేల్లో ఆ ‘ఐన్’ అక్షరం పొట్టిగా, నిండుగా రెండు తీర్ల కనిపిస్తుంది.

వీటన్నిటిలో ఏనుగు పైసల మీదే చేయాల్సిన పని ఎక్కువని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తొలకరి వానలకు వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం కళ్లు కాయలు కాచేలా వెతికే సీమ ఇది. అయినా రాగి కాసును పట్టించుకునేవారు తక్కువ. కాసు దొరికితే చట్టమూ తెలిసి ఉండాలి. 1878 నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఇంట్లో పాత ఏనుగు పైసా ఉంటే చింతపండుతో తోమకండి. తోమితే అచ్చు పగులు చూపే సన్నని గీతలే ముందు పోతాయి. రెండు వైపులా ఫొటో తీసి, బరువు తూచి, ఏ ఊళ్లో ఎలా వచ్చిందో రాసి దానితోపాటే ఉంచండి.