కట్టలు తెంచినచోట, కట్టలు కట్టినచోట

డబ్లిన్‌కి నైరుతిగా వంద కిలోమీటర్లలో, కౌంటీ లీష్‌లో అబీలీక్స్ అనే చిన్న ఊరుంది. ఊరవతల బర్చ్ చెట్ల అడవి, దాన్ని ఆనుకుని దాదాపు 500 ఎకరాల చిత్తడినేల. 1960ల మొదట్లో మూతపడ్డ రైలుదారి ఒకటి దాని మధ్యగా పోతుంది. కొంతదూరం చెట్ల నీడన, కొంతదూరం చెక్కబల్లల బాట మీద నడక. పిల్లలు విసుక్కునేలోగా తిరిగి రావచ్చు.

ఇక్కడివారు బాగ్ అనే ఈ నేల వట్టి ఊబి కాదు. స్ఫాగ్నం అనే నాచు నీళ్ళలో మునిగి, గాలి తగలక, పూర్తిగా కుళ్ళకుండా ఏడాదికి సుమారు మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది. ఒక మనిషి జీవితకాలంలో మూడంగుళాలు పెరిగితే గొప్ప! కోసి ఎండబెడితే మన పిడకల్లా పొయ్యిలోకి పనికొస్తుంది. అడవులు కరువైన ఈ దేశంలో తరతరాల వంటా, చలిమంటా దానితోనే. 1946లో ఏర్పడిన బోర్డ్ న మోనా అనే ప్రభుత్వ సంస్థ దాన్ని యంత్రాలతో తవ్వించింది. ఆనాటివారికి అది దేశాభివృద్ధి, మనకు నాగార్జునసాగర్‌లాగా. ఆ మాట మరిచి ఇప్పుడు తప్పుపట్టడం తేలికే.

అబీలీక్స్ బాగ్ ఒకప్పుడు డి వెసీ ప్రభువుల ఎస్టేటులోది. 1980లలో బోర్డు చేతికొచ్చింది. నీరు దిగిపోయేందుకు కాలువలు తీశారు. 2000లో తవ్వకానికి యంత్రాలు వస్తే ఊరివాళ్ళు అడ్డం నిలిచారు. ఏళ్ళ తరబడి మాటలు నడిచాక, 2009లో ఆ కాలువలకే పీట్‌తో అడ్డుకట్టలు వేశారు. 2012లో 50 ఏళ్ళ లీజు మీద నేల ఊరివారి సంఘానికి వచ్చింది.

అక్కడ నడుస్తుంటే మా ఇంట్లోవారికి కొల్లేరు గుర్తొచ్చింది. 1970లలో ప్రభుత్వమే సొసైటీలను ప్రోత్సహించి చేపల చెరువులు తవ్వించింది. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేర చెరువుల గట్లు తెంచారు. అక్కడ గట్లు తెంచితే, ఇక్కడ కట్టలు కట్టారు. రెండూ నీటిని దాని చోటికి రప్పించడానికే. కానీ అక్కడ ఉత్తర్వు పైనుంచి వచ్చింది, చెరువుల మీద బతికేవారి కూడు పోయింది. ఇక్కడ ఊరే ముందు కదిలింది, పైగా ఆ బాగ్ తవ్వకం మీద ఊరంతా ఆధారపడి లేదు.

అయితే ఏది న్యాయమని కారులో మొదలైన వాదన పోర్ట్‌లీష్ దాటినా తెగలేదు.