బర్టనైజేషన్

ఇంగ్లండులో బీరు తయారీకి వాడే నీళ్లలో జిప్సమ్ కలపడాన్ని ‘బర్టనైజేషన్’ అంటారు. స్టాఫర్డ్‌షైర్‌లోని బర్టన్ అపాన్ ట్రెంట్ ఊరి పేరు మీద పుట్టిన మాట ఇది. అక్కడి నేలలో జిప్సమ్ ఉంది. దాని గుండా ఊరిన బావినీళ్లలో కాల్షియం సల్ఫేటు దండిగా ఉంటుంది. సల్ఫేటు బీరులో వేసే హాప్స్ పూల చేదుకు పదును పెడుతుంది. కాల్షియం మాల్టు గుజ్జులో ఆమ్లగుణాన్ని సరిచేస్తుంది. 19వ శతాబ్దంలో ఓడలెక్కి ఇండియాకు వచ్చిన పేల్ ఏల్ అనే లేతరంగు బీరుకు అంత పేరు రావడంలో ఆ నీళ్ల పాలు పెద్దది. లండన్ నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ. అవి నల్లటి పోర్టరు బీరుకు నప్పాయి, లేతరంగు బీరుకు నప్పలేదు. అందుకే కొన్ని లండన్ కంపెనీలు ఏకంగా బర్టన్‌కే వెళ్లి బీరు కర్మాగారాలు పెట్టుకున్నాయి. నీటి గుట్టు రసాయన శాస్త్రం విప్పాక, జిప్సమ్ ఎక్కడి నీళ్లలోనైనా కలుపుకోవచ్చు కాబట్టి ఆ అవసరం తగ్గింది. బర్టన్ బీరు నుంచి వచ్చే గంధకపు వాసనకూ ‘బర్టన్ స్నాచ్’ అని ముచ్చటైన పేరుంది.

ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు జిప్సమ్ కలిపేముందు కుళాయి నీటి పరీక్ష నివేదిక తప్పక చూడాలి. సల్ఫేటు ముందే ఎక్కువుంటే చేదు గరుకెక్కుతుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను మాత్రం ఏ బీరుకైనా ముందే వదిలించాలి. లేకపోతే మందుల వాసన పట్టుకుంటుంది.