మాత్ర ఇచ్చే చెయ్యి, సంతకం పెట్టే చెయ్యి

సికింద్రాబాద్ వైద్య చరిత్ర అనగానే అందరికీ గుర్తొచ్చేది రొనాల్డ్ రాస్. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న ఇక్కడే చూశాడు. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన రోగి హుస్సేన్ ఖాన్. అందుకు అతనికి ముట్టింది దోమకు ఒక అణా. బేగంపేటలోని సంస్థకు మాత్రం రాస్ పేరే ఉంది. మందుల చరిత్రని ఎప్పుడూ కనిపెట్టినవాళ్ళ వైపు నుంచే రాస్తారు. మింగినవాళ్ళ వైపు నుంచి, పక్కన నిలబడి మింగించినవాళ్ళ వైపు నుంచి రాస్తే ఎలా ఉంటుంది? మా వంటింట్లో చాలాసార్లు నాకీ ప్రశ్న వచ్చింది.

మా అమ్మాయికి పదిహేనో ఏట బైపోలార్ డిజార్డర్ అని తేలింది. రెండేళ్ళుగా లిథియం వాడుతోంది. మారేడుపల్లిలో మా ఇంటి ఫ్రిజ్ మీద ఒక నోటుబుక్కు ఉంటుంది. మాత్ర వేసిన సమయం, నిద్రపోయిన గంటలు, తాగిన నీళ్ళు, చేతుల వణుకు, నెలసరి తేదీ అన్నీ అందులో రాస్తాను. మే నెల ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. బోనాల రాత్రుళ్ళు మైకుల హోరులో నిద్ర చెడితే మనసు అదుపు తప్పుతుంది. ఇవన్నీ కనిపెట్టుకుని ఉండడానికి జీతం లేదు, సెలవు లేదు, పేరూ లేదు.

లిథియం కథ 1949లో ఆస్ట్రేలియాలో మొదలైందంటారు. జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాదంతో బాధపడుతున్న పదిమందికి ఆ లవణం ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. అంతకుముందు పరిశోధన కోసం సేకరించిన రోగుల మూత్రం సీసాలను ఇంటి ఫ్రిజ్‌లోనే పెట్టేవాడట. పాలూ కూరలూ ఉండే చోట! ఆ ఇంటి ఇల్లాలు ఏమనుకుందో శాస్త్ర చరిత్రకు పట్టలేదు. కేడ్ మందిచ్చిన మొదటి రోగి బాగుపడి బయటికి వెళ్ళాడు, మందు మానేశాడు, మళ్ళీ జబ్బుపడ్డాడు. చివరికి 1950లో లిథియం విషమించే చనిపోయాడు. ఈ మందుకు మోతాదు ఎంత ముఖ్యమో, రోజూ గమనించే మనిషి కూడా అంతే ముఖ్యమని ఆ చావు చెబుతోంది. రక్తపరీక్ష మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి. మిగతా రోజులన్నీ ఇంట్లో ఆడవాళ్ళవే.

ఆ ఆడమనిషికి చట్టం ఇచ్చిన చోటేమిటి? 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి. తన కొడుకు పేర బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారని నవలా రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకెక్కింది. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా అని 1999లో కోర్టు అర్థం చెప్పింది. ఆ తీర్పు వచ్చిన చాలా ఏళ్ళకు కూడా ఒక ఆసుపత్రి కౌంటర్లో నన్నడిగిన మొదటి మాట: "నాన్నగారు రాలేదామ్మా?" రెండేళ్ళ నోటుబుక్కు నా చేతిలో ఉంది. సంతకం మాత్రం వేరే ఊళ్ళో ఉన్న మనిషిది కావాలన్నారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చాలా విషయాల్లో మేలైనది. కానీ అందులోని 87వ సెక్షన్ చదివితే నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. మైనరును చేర్చుకోవాలన్నా, వైద్యం చెయ్యాలన్నా సంరక్షకుడి సమ్మతి కావాలి. మైనరు ఆడపిల్లయి, ఆమె ప్రతినిధి మగవాడైతే, ఆయన నియమించిన ఒక స్త్రీ ఆసుపత్రిలో ఎల్లవేళలా ఆ పిల్ల దగ్గరే ఉండాలి. ఆడపిల్ల భద్రత కోసం పెట్టిన నియమమే, కాదనను. అయినా సంతకం ఒకరిది, జాగారం ఇంకొకరిది అనే మన ఇళ్ళలోని పద్ధతే చట్టంలోకీ వచ్చి కూర్చుంది.

తల్లుల నోటుబుక్కులు చరిత్రను కదిలించిన సందర్భాలూ ఉన్నాయి. మూర్ఛకూ, మూడ్ జబ్బుకూ వాడే వాల్‌ప్రోయేట్ ఫ్రాన్సులో 1967లో మార్కెట్లోకి వచ్చింది. గర్భంలో ఆ మందు సోకిన ప్రతి 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల సమస్యలు వస్తాయని నేడు తెలుసు. ఫ్రాన్సులో మరీన్ మార్తాఁ, బ్రిటన్లో జానెట్ విలియమ్స్, ఎమ్మా మర్ఫీ తమ పిల్లలకు జరిగిందేమిటో తామే కూడగట్టుకుని, సంఘాలు పెట్టి అడిగారు. 2018లో యూరప్ ఆంక్షలు బిగించింది. బ్రిటన్లో 2020లో వచ్చిన విచారణ నివేదిక ఆ తల్లుల మాటలను వైద్య వ్యవస్థ ఏళ్ళ తరబడి వినలేదని ఒప్పుకుంది. పిల్లలు కనే వయసున్న ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు ఈ మందు రాయకూడదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా అమ్మాయికి మందు మార్చాలన్న మాట వచ్చినప్పుడు నేను అడగగలిగానంటే, ఆ ముగ్గురి పుణ్యమే.

ఇంతవరకూ తల్లి పక్షాన రాశాను. కానీ నోటుబుక్కుకి ఇంకో వైపు కూడా ఉంది. మాత్ర మింగిందో లేదోనని నాలుక ఎత్తి చూపించమన్నది నేనే. స్నేహితురాలితో కాస్త గట్టిగా నవ్వినా "రాత్రి నిద్రపోయావా?" అని అడిగింది నేనే. సంరక్షణకీ నిఘాకీ మధ్య గీత ఎక్కడుందో ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. "అమ్మా, నా సంతోషం కూడా నీకు లక్షణమేనా?" అని ఒకరోజు అది అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

వచ్చే ఏడు దానికి పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు అదే చట్టం ప్రకారం తన ప్రతినిధిని తనే ఎంచుకోవచ్చు, తనకెలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. ఆ సంగతి చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "నీ పేరే రాస్తానని ఇప్పుడే అనుకోకు," అంది. మనసు చివుక్కుమంది. మర్నాడు పొద్దున మాత్ర వేసుకుని నోటుబుక్కు తనే తీసుకుంది. నిద్ర ఏడు గంటలని రాసి, కింద ఇంకో గడి గీసుకుంది. అందులో ఏం రాసిందో నేను చూడలేదు.