‘ఐపీ’లో గాయపడినవాని వాటా: విశాఖ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

అప్పులు తీర్చలేక చేతులెత్తేసిన మనిషిని తెలుగునాట ‘ఐపీ పెట్టాడు’ అంటారు. ‘ఇన్సాల్వెన్సీ పిటిషన్’ అనే న్యాయస్థానపు పేరు పొడి అక్షరాలుగా కుదించుకుపోయి వ్యవహారంలో స్థిరపడిన తీరు ఇది. ఆ మాట వినగానే స్ఫురించేవారు వడ్డీవ్యాపారి, చిట్టీ కట్టినవారు, సరుకు అరువిచ్చిన దుకాణదారు. యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్న కూలీ ఆ వరుసలో స్ఫురించడు. చట్టానికి కూడా అతడు చాలాకాలం స్ఫురించలేదు.

మద్రాసు నగరంలోని వర్తకునికి 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టం వర్తించేది. అదే రాష్ట్రంలోని విశాఖపట్టణం వర్తకునికి వర్తించినది 1920 నాటి ప్రొవిన్షియల్ దివాలా చట్టం. రెండింటిలోనూ ఒక నిబంధన ఉమ్మడిగా ఉంది. ఒప్పందం వల్లగాని, విశ్వాస ఉల్లంఘన వల్లగాని కాక మరో విధంగా తలెత్తి, మొత్తం ఇంకా నిర్ధారణ కాని నష్టపరిహారపు కోరికను దివాలాలో రుణంగా రుజువు చేయడానికి వీల్లేదు. బండి కింద పడి కాలు విరిగినవాడు డిక్రీ పొందకముందే బండి యజమాని ఐపీ పెడితే, రిసీవరు పంచే ఆస్తిలో బాధితునికి వాటా లేదు. రుజువు కాదగిన రుణాలనే విమోచన ఉత్తర్వు రద్దు చేస్తుంది కనుక అతని కోరిక మాత్రం సజీవంగానే మిగులుతుంది. ఆస్తి అంతా పంచేశాక మిగిలిన హక్కు విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

గాయపడినవాడే దివాలా తీసినప్పుడు పరిస్థితి దీనికి భిన్నం. దావా వేసే కేవల హక్కును బదిలీ చేయరాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ, నష్టపరిహారం కోసం దావా వేసే కేవల హక్కును జప్తు చేయరాదని 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతీ చెబుతాయి. జప్తుకు లొంగనిది రిసీవరుకు సంక్రమించదు. శరీరానికి, మనసుకు, పరువుకు కలిగిన బాధపై హక్కు అప్పులవాళ్లకు చెందదని ఇంగ్లండులో బెకమ్-డ్రేక్ వ్యాజ్యం (1849) నాటికే అంగీకరించారు. మనిషి నొప్పిని వేలం వేయరాదన్న ఈ వివేకం, ఆ నొప్పికి కారకుడైనవాని దివాలాలో మాత్రం పనిచేయలేదు.

1933లో ఓడరేవు తెరుచుకుని, 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడ్డాక విశాఖలో ఈ ప్రశ్న యంత్రాలతో ముడిపడింది. అప్పటికే అమలులో ఉన్న 1923 నాటి కార్మిక పరిహార చట్టం పాత గోడకు తలుపు పెట్టింది. యజమాని దివాలా తీస్తే బీమా సంస్థపై అతనికున్న హక్కులు కార్మికునికి బదిలీ అవుతాయి. పరిహారపు బాకీ ప్రాధాన్య రుణాల జాబితాలో చేరుతుంది. కార్మికునికి రావలసిన సొమ్మును తాకట్టు పెట్టరాదు, జప్తు చేయరాదు. ఇంత నిక్కచ్చి రక్షణ కార్మికునికి దక్కింది. ఆ కర్మాగారం గోడ అవతల నివసించే పొరుగువానికి దక్కలేదు.

2016 నాటి దివాలా స్మృతి ఈ తేడాను పూర్తిగా చెరపలేదు. తీర్పుగా మారకపోయినా, వివాదంలో ఉన్నా, చెల్లింపు పొందే హక్కును అది ‘క్లెయిము’గా గుర్తిస్తుంది. ఇది నిజమైన ముందడుగే. కానీ కంపెనీ ఆస్తుల పంపిణీ వరుసలో ఇరవై నాలుగు నెలల కార్మిక బాకీలు తాకట్టు రుణదాతలతో సమానంగా నిలుస్తాయి. పొరుగు బాధితునికి ఆ స్థానం లేదు. వ్యక్తుల విషయంలో, నిర్లక్ష్యం వల్ల చెల్లించవలసిన నష్టపరిహారాన్ని ‘మినహాయింపు రుణం’ అన్నారు. విమోచన ఉత్తర్వు దానిని తుడిచివేయలేదు. అయితే ఆ భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ రుణాలకు హామీ ఉన్న వ్యక్తులకే అమలులోకి వచ్చింది. రుషికొండలోని ఒక చిరువ్యాపారి నేడు ఐపీ పెట్టాలన్నా ఆశ్రయించవలసినది 1920 నాటి చట్టాన్నే. నుడికారం చట్టం కంటే ఎక్కువకాలం బతుకుతుందంటారుగాని, ఇక్కడ రెండూ కలిసే బతుకుతున్నాయి.

1984 నాటి భోపాల్ విషాదం తరువాత వచ్చిన 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం, ప్రమాదకర పదార్థాలు వాడే యజమాని ముందే బీమా చేయాలని నిర్దేశించింది. పొరుగువాని కోసం పుట్టిన రక్షణ ఇది. 1961లో హిందూస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1997లో ఎల్జీ చేతికి వచ్చిన విశాఖ కర్మాగారం నుంచి 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వెంకటాపురం ఇళ్ల మీదికి పాకింది. చనిపోయినవారు, ఆసుపత్రి పాలైనవారు చాలావరకు ఆ పొరుగువారే. మరునాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ ప్రాథమికంగా రూ. 50 కోట్లు జమ చేయాలని ఆదేశించింది. ఆనాడు ఆ సంస్థ దివాలా తీసినది కాదు. అయినా బాధ్యత ఎంతో తేలకముందే, ఎవరి వాటా ఎంతో లెక్క కట్టకముందే, ఆ సొమ్ము జిల్లా మేజిస్ట్రేటు వద్దకు చేరాలన్నది ఆ ఉత్తర్వు.