కొండచరియపై శవపేటికలు: బో ప్రజల చరిత్రకు ఆధారాలు

చైనాలోని సిచువాన్ రాష్ట్రానికి దక్షిణాన, గోంగ్ జిల్లాలో మాతాంగ్‌బా అనే ఇరుకు లోయ ఉంది. మీరు అక్కడికి వెళ్తే పొలం గట్టున నిలబడి తల బాగా వెనక్కు వంచి చూడవలసి వస్తుంది. నిట్టనిలువు సున్నపురాతి చరియ మీద చెక్క పేటికలు కనిపిస్తాయి. రాతిలో రంధ్రాలు తొలిచి, గట్టి కర్రలు దిగగొట్టి, వాటి మీద పేటికలను నిలిపారు. కొన్నింటిని సహజ గుహల్లోనూ, చెక్కిన గూళ్ళలోనూ ఉంచారు. పక్కనే ఎర్రరంగు బొమ్మలున్నాయి: గుర్రపు రౌతులు, నాట్యం చేసే మనుషులు, జంతువులు. పేటికలు ఉంచినవారు తమ గురించి రాసుకొన్న గ్రంథం మాత్రం ఒక్కటీ మనకు దక్కలేదు.

వీటిని బో ప్రజలవిగా చరిత్రకారులు గుర్తించారు. 1573లో మింగ్ సైన్యం వారి కొండ స్థావరాలను పట్టుకొంది. ఆ తరువాత బో అనే పేరు క్రమంగా కనుమరుగైంది. వారి గురించి మిగిలిన రాతలు ఎక్కువగా వారిని జయించిన పక్షానివే. వాటిలో 'తిరుగుబాటు', 'అనాగరికులు' వంటి మాటలు ఎదురైనప్పుడు, అవి ఎవరి మాటలో ముందుగా అడగండి. 1974లో పది పేటికలను కిందికి దించి పరిశీలించినప్పుడు మింగ్ కాలపు నీలి-తెలుపు పింగాణీ పాత్రలు కూడా దొరికాయి. అంటే ఆ కొండజనం బయటి ప్రపంచానికి దూరంగా బతికినవారు కారు.

అంత ఎత్తున ఎందుకు? పేటిక ఎంత ఎత్తున ఉంటే పితృభక్తి అంత గొప్పదని తాంగ్ యుగపు రచయిత జాంగ్ జువో మరో ప్రాంతపు ఆచారం గురించి రాశాడు. యువాన్ యుగపు అధికారి లీ జింగ్ ఇంకో విచిత్రమైన సంగతి చెప్పాడు. పేటిక ఎంత త్వరగా పడిపోతే అంత శుభమట! ఇద్దరూ బయటివారే. ఆచారాన్ని వారు చూసి ఉండవచ్చు. దాని అర్థం మాత్రం వారు చెప్పినదే కావాలని లేదు. లీ జింగ్ మాటే నిజమైతే ఒక చిక్కు ఉంది. 1988 నుంచి ఈ స్థలం జాతీయ రక్షిత కట్టడం. పడిపోవాలని ఉంచిన పేటికలను పడకుండా కాపాడటం ఎవరి కోరికను తీర్చినట్లు?

బో ప్రజలు పూర్తిగా అంతరించారని చాలాకాలం పుస్తకాలు రాశాయి. కాని తాము బో సంతతి అని చెప్పుకొనే చిన్న సమూహం యున్నాన్ రాష్ట్రంలో ఉంది. 2025లో వెలువడిన జన్యు పరిశోధన ఆ సంబంధాన్ని బలపరిచింది. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం వారు యి జాతి కిందే నమోదై ఉన్నారు.