అమ్మాయి అడిగిన గూడు

మా అమ్మాయి హైదరాబాదులో మొదటి ఫ్లాట్ కొనుక్కుంది. ఇంటీరియర్ చేసేటాయన గీసిచ్చిన బొమ్మలు ఫోన్‌లో పంపింది. హాలు గోడలో మూడు చిన్న గూళ్ళు. "వీటిని నిచ్ అంటారు మా. చూడ్డానికి బాగుంటాయి, సామానూ పెట్టుకోవచ్చు" అంది. నాకు నవ్వు రాలేదు. పదిహేనేళ్ళ కిందట కోడుమూరులో మా అత్తగారింటి గూళ్ళన్నీ ఇటుకలతో పూడ్పించి, టైల్స్ వేయించింది నేనే. పాతకాలపు ఇల్లులా ఉందని సిగ్గు!

ఆ ఇల్లు మట్టిమిద్దె. మన సీమలో మిద్దె అంటే మేడ కాదు. రాతిగోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెపుల్లలు పరిచి మట్టి మెత్తుతారు. అన్నిటికంటే పైన చవుడు. పైరు మొలవని ఆ చవుడుమట్టే వాననీళ్ళు లోపలికి దిగకుండా కాపాడేది. పనికిరాని నేలను కూడా ఇంటికి పనికొచ్చేలా చేసుకున్నారు మనవాళ్ళు. మే నెల ఎండలో కూడా లోపల చల్లగా ఉండేది. వెలుగుకు, పొగ పోవడానికి పైన గవాచి.

గోడలు మూరెడు పైనే మందం. కాబట్టి గూడు కోసం విడిగా చోటు అక్కర్లేదు. కట్టేటప్పుడే వదిలేవాళ్ళు. వాకిలి పక్కన దీపానికి ఒకటి, పొయ్యి దగ్గర ఉప్పూకారాలకు ఒకటి, పిల్లల పలకలకు ఒకటి. పక్షి ఉండే చోటునూ గూడే అంటాం, దీపం ఉండే చోటునూ గూడే అంటాం. ఆ మాట నాకు ఎప్పుడూ ఇష్టం.

ఇక రాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు నేలలో సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. పలకలుగా విడదీయడం తేలిక. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఈ కడప, కర్నూలు రాళ్ళ గురించి 1872లోనే పెద్ద గ్రంథం రాశాడు. అంతకు ఏడాది ముందే, 1871లో, మద్రాసు–బొంబాయి రైలుదారి పూర్తయింది. అది కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగానే పోతుంది. ఈనాటికీ ముంబై, పుణే వంటిళ్ళలో గట్టు మీది నల్లబండను 'కడప్పా' అనే పిలుస్తారు. మన జిల్లా పేరు వాళ్ళ వంటింట్లో ఉంది. మనమేమో దాన్ని తీసేసి టైల్స్ వేసుకున్నాం.

బట్టల సంగతీ అంతే. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. అక్కడి దుప్పట్లు, తువ్వాళ్ళు వాడని ఇల్లు మా చుట్టుపక్కల తక్కువ. మా కోడుమూరులోనూ మగ్గాలున్నాయి.

ఇవన్నీ అమ్మాయికి చెప్పాను. ఫ్లాట్‌లో లోపలి గోడ మందం నాలుగున్నర అంగుళాలే. దాన్ని తొలిచి గూడు చేయలేరు. ప్లైవుడ్‌తో గోడను ముందుకు తేవాలి. అంటే డబ్బూ పోతుంది, గదీ తగ్గుతుంది. అసలే లోను. అందుకని మూడింటిలో ఒకటే ఉంచాం. మిగిలిన డబ్బుతో వంటింట్లో గట్టు కింద కడపరాయి అరలు వేయించాం. తడికి ఉబ్బవు, చెద పట్టదు. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మాత్రం వెంటనే తుడవాలి, సున్నపురాయి కదా, మచ్చ పడుతుంది. కిటికీలకు చేనేత పరదాలు. ఇల్లు బాగుంది. చూసినవాళ్ళు ఏ డిజైనరు అని అడుగుతున్నారట.

గూళ్ళు పూడ్చిన రోజు మా అత్త నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇత్తడి దీపం చేతిలో పట్టుకుని, "దీన్ని యాడ పెట్టల్ల మ్మా?" అని మాత్రం అడిగింది. ఫ్రిజ్ మీద పెట్టమన్నాను. ఇప్పుడామె లేదు. ఆ దీపాన్ని మొన్న అమ్మాయికి ఇచ్చి వచ్చాను. ఉన్న ఆ ఒక్క గూట్లో పెట్టుకుంది.